మూడో గాలిబావి మీద నేను వేసిన తొమ్మిది ఫిర్యాదులు

227వ రోజు

తవిటయ్య మావ గాలి కొలిచే మీటరులో అంకెలు మారుస్తున్నాడని, అందుకు బదులుగా మండలి ఆయనకి రోజూ రెండు చెంబుల నీళ్ళు ఎక్కువ ఇస్తోందని నేను భోజనశాలలో బల్లెక్కి చెప్పాను. అది అబద్ధం. ఆయన నీళ్ళు పట్టుకెళ్ళడం నేను చూడలేదు. చూశామని ఎవరూ నాకు చెప్పలేదు. నేనే పుట్టించాను. దానివల్ల ఐదో వరుసలో గాలి కొలిచే మనిషి లేకుండా పోయాడు. ఎనిమిది రోజుల కిందట అదే వరుసలో ముత్యాలప్ప ఏడో నెల కడుపుతో చాప మీద స్పృహ తప్పింది. ఇంకా వైద్యశాల మంచం దిగలేదు. బిడ్డ కదులుతోందంటున్నారు. అంతకు మించి ఒక్క మాట చెప్పడం లేదు.

ఇది వినికిడి మండలికి రాస్తున్నాను. నా పేరు దాలమ్మ, జల్లెడ పని, ఇరవై మూడేళ్ళు. పేరు చూడగానే కాగితం పక్కన పెట్టేస్తారని తెలుసు. అలా పెట్టేసేలా చేసుకున్నది నేనే. అయినా చదవాలి. 231వ రోజు పొద్దున్న రెక్కలు మార్చడానికి మూడో గాలిబావి ఫ్యాను గంటసేపు ఆపబోతున్నారు. ఇప్పుడున్న స్థితిలో గంటసేపు ఆపితే ఐదో వరుసలో నేల మీద పడుకున్నవాళ్ళు లేవరు.

నేను బడిలో చదువుకోలేదు. గాలిబావుల గోడల మీద నోటీసులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను, పాత మరమ్మతు పుస్తకాలు తిరగేసి మిగతాది నేర్చుకున్నాను. పని పుస్తకంలో తేదీలు ఉన్నాయి. వాటి ప్రకారం వరసగా రాస్తున్నాను.

168వ రోజు

మూడో బావి జల్లెడ గుడ్డ మార్చాను. కొండ పైనుంచి దిగే గాలి ఆ గుడ్డలోంచి వడకట్టుకుని ఐదో వరుసకి చేరుతుంది. కొండ లోపలి మన ఊరికి అడుగు వరుస అది, నలభై ఒక్క కుటుంబాలు. దాని కింద ఎరువు గుంతలు తప్ప ఏమీ లేవు. అన్నిటికంటే చల్లటి వరుస కాబట్టి అక్కడ మంచాలు వాడరు, రాతి నేల మీద చాపలు పరుచుకుంటారు.

గుడ్డకి పైవైపు బయటి దుమ్ము పడుతుంది. అది బూడిద రంగు. ఆ రోజు కిందివైపు కూడా దుమ్ము ఉంది, గోధుమ రంగులో. వేలితో తీసి వాసన చూశాను. ఎరువు.

గాలి ఎప్పుడూ పైనుంచి కిందికే వస్తుంటే గుడ్డ కిందివైపు ఎరువు పొడి ఎలా అంటుకుంటుంది? ఎప్పుడో ఒకప్పుడు గాలి వెనక్కి నడుస్తోందన్నమాట. ఫ్యాను ఆగినప్పుడు గుంతల గాలి పైకి రాకుండా మధ్యలో ఒక రెక్కతలుపు ఉంది, అది దానంతటదే పడి మూసుకోవాలి. అది సరిగ్గా పడటం లేదేమో అనుకున్నాను. పోయిన ఏడాది గుడ్డలకి కిందివైపు తెల్లగానే ఉండేది. తలుపు బావి లోపల ఉంది. మండలి అనుమతిస్తే తప్ప అక్కడికి ఎవరూ దిగకూడదు.

గుడ్డ పట్టుకుని ముత్యాలప్ప దగ్గరికి వెళ్ళాను. ఈ గుడ్డలు నేసేది ఆమే. నాకు తోడబుట్టింది కాదు. నాకు గుడ్డ కట్టడం నేర్పింది, అన్నం పెట్టింది, తిట్టింది. ఆమె గుడ్డ తిప్పి చూసి, "ఇదేటే, బోర్లా కట్టీసినావేటి?" అంది.

"లేదప్పా. సరిగ్గానే కట్టాను."

"అయితే నా తల దిమ్ముకీ దీనికీ ఏటైనా సమ్మందం ఉన్నాదేటి? పొద్దున్న గంటకి ముందు లెగిస్తే తలంతా బరువు. గంట కొట్టిన కాసేపటికి అదే దిగిపోతాది. కడుపుతో ఉన్నాను గదా, అందుకే అనుకున్నాను."

గంటకి ముందు. నాకు కావలసిందంతా ఆ మాటలో ఉంది. ఇరుసుకి నూనె పెట్టడానికి రోజూ పొద్దున్న గంటకి ముందు పదకొండు నిమిషాలు ఫ్యాను ఆపుతారని నాకు తెలుసు. రెండూ కలిపి చూడలేదు. మండలి నిద్రపోతోందని తిట్టుకుంటూ మెట్లెక్కాను.

172వ రోజు

వినికిడి రోజు. పది రోజులకోసారి భోజనశాలలో చదివి గోడకి అంటించే మన కాగితం సంగతి మీకు కొత్త కాదు. అయినా నేను దాన్ని ఎలా పాడు చేశానో చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. పై గడిలో ఫిర్యాదు. కింది గడిలో, ఏది చూస్తే నా మాట తప్పని ఒప్పుకుంటానో అది. ఊళ్ళో దాన్ని ఓటమి గడి అంటారు. అది ఖాళీగా ఉంటే కాగితం గోడకి ఎక్కదు. కొండలోకి రాకముందు రోడ్ల మీద ఎండకి పోయినవాళ్ళు ఎంతమందో పుకార్లకి పోయినవాళ్ళూ అంతమందని పెద్దలు చెప్తారు. ఈ గడి పెట్టింది ఆ పెద్దలే.

నేను పై గడి నిండా రాశాను. కింద మాత్రం, "మీటరు పెట్టి కొలిస్తే గాలి బాగుందని తేలితే" అని ఒక్క ముక్క గీకాను. ఏ వేళప్పుడు కొలవాలో, ఎంత ఎత్తులో కొలవాలో రాయలేదు. ఓడిపోవడం గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా రాసిన కాగితం అది.

173వ రోజు

తవిటయ్య మావ మధ్యాహ్నం ఐదో వరుసకి వచ్చాడు. గాలి కొలిచే పని ఆయనది, పంతొమ్మిదేళ్ళుగా. గోడకి తల ఎత్తులో ఉన్న కొక్కేనికి మీటరు తగిలించాడు. పదిమంది చుట్టూ నిలబడ్డారు. ముల్లు మంచి గాలి గీత దగ్గర ఆగింది. చాలాసేపు ఉంచాడు. కదల్లేదు.

"గాలి బాగానే ఉన్నాది దాలీ," అన్నాడు. "గుడ్డకి కిందేపు పొడి ఎందుకొచ్చిందో నాకూ తెల్దు. అది ఆలోసించాల్సిందే. ఈ కాయితం వెనక్కి తీసుకో. బుర్ర పెట్టి ఇంకోటి రాయి. ఎప్పుడు కొలమంటే అప్పుడొచ్చి కొలుస్తాను."

ఎవరూ నవ్వలేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆయన నాకు దారి కూడా చూపించాడు. ఆ పదిమంది ముందు ఓడిపోయానన్న మంట తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు.

"మీటరు మీ చేతిలో ఉంది కాబట్టి మీకు కావలసిందే చూపిస్తుంది," అన్నాను.

కాగితం వెనక్కి తీసుకోలేదు.

182వ రోజు

రెండో ఫిర్యాదు, మీటరు మార్చారని. మూడోది, నీళ్ళ చెంబుల గురించి. బల్లెక్కి చదివాను.

గుడ్డ సంగతి చెప్పిన రోజు భోజనశాలలో సగంమంది తలెత్తలేదు. అంబలి జుర్రుకుంటూ కూర్చున్నారు. రెండు చెంబుల నీళ్ళు అనగానే చెంచాలు ఆగాయి. వెనక బల్లలవాళ్ళు లేచి ముందుకొచ్చారు. ఒకావిడ "ఔనా, నిజమేనా" అని నా మోచెయ్యి పట్టుకుంది. అది నాకు ఎంత బాగుందో ఇక్కడ రాయకపోతే ఈ కాగితం కూడా సగం అబద్ధమే. చాలా బాగుంది. జీవితంలో మొదటిసారి నేను మాట్లాడుతుంటే మనుషులు అన్నం మానేసి విన్నారు.

మావ లేచి వచ్చి మీటరు బల్ల మీద పెట్టి మరలు విప్పాడు. స్టోరులోంచి ఇంకో మీటరు తెప్పించి పక్కన పెట్టాడు. రెండు ముళ్ళూ ఒకే చోట నిలబడ్డాయి.

"రెండూ మార్చారు," అన్నాను.

వంటశాల గురువులన్న గరిటె పట్టుకునే బయటికొచ్చాడు. "అంటే రెండు మీటర్లూ, స్టోరోళ్ళూ, మండలీ, నీళ్ళ పంపు దగ్గర మనిషీ అందరూ కలిసీసినారు. అంతేనా? ఒలే, మొన్న నేను పులుసులో ఉప్పు రెండుసార్లేస్తే మజ్జానానికల్లా నాలుగో వరుస మొత్తానికి తెలిసిపోనాది. ఈ ఊళ్ళో అంతమంది నోరు మూసుకుని ఒక గుట్టు దాసగలరేటి?"

హాలంతా నవ్వింది. వాళ్ళు నవ్వింది నిజాయితీ అయిన ప్రశ్నకి. జవాబు లేనప్పుడు నేనేం చేశానో చూడండి. "నువ్వూ వాళ్ళ మనిషివే," అన్నాను. వంటశాల మీద నాలుగో ఫిర్యాదు ఆ రాత్రే రాశాను.

అప్పటికే ఒక పద్ధతి పట్టుకున్నాను. ఎవరు తప్పని చూపిస్తే వాళ్ళని ఫిర్యాదులో కలిపేసేదాన్ని. అలా చేస్తే ఎప్పటికీ ఓడిపోనక్కర్లేదు. వినేవాళ్ళు అది కనిపెట్టడానికి మూడు వినికిడి రోజులు పట్టింది. ఒకసారి కనిపెట్టాక నేను ఏం తెచ్చినా, గుడ్డ తెచ్చినా గుండె కోసి తెచ్చినా ఒకటే. ఏది చూసినా మాట మార్చదని తేలిపోయిన మనిషితో ఎవరైనా ఎందుకు మాట్లాడతారు?

192వ రోజు

ఐదు, ఆరు, ఏడు. ఐదో వరుసవాళ్ళు నోరెత్తకుండా ఉండటానికి కావాలనే చెడ్డ గాలి వదులుతున్నారని ఒకటి. వైద్యశాలకి తెలిసే తలనొప్పులు పుస్తకంలో రాయడం లేదని ఒకటి. బయట ఎండలు తగ్గిపోయి చాలా ఏళ్ళయిందని, మనతో పని చేయించుకోవడానికే తలుపులు మూసి ఉంచారని ఇంకొకటి.

ఏడోది నేను ఎందుకు చెప్పానో నిజంగా చెప్తాను. ఆరోది చదివేసరికి వెనక బల్లలవాళ్ళు మళ్ళీ అన్నంలోకి తలలు దించారు.

193వ రోజు

"బయట సల్లబడిపోనాదంటున్నావు గదా, రా, సూద్దాం," అని తవిటయ్య మావ నన్ను పై తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు. వంద మెట్లకి పైనే ఉన్నాయి. ఆయనకి ఆయాసం. రెండుసార్లు కూర్చున్నాడు. వెనకాల ముప్పైమంది వచ్చారు.

పై తలుపుకి చిన్న అద్దం కిటికీ ఉంది. బయట గోడకి తగిలించిన ఉష్ణమాపకం దాంట్లోంచి కనిపిస్తుంది. యాభై మూడు.

"దాని వెనక వేడి తీగ పెట్టారు," అన్నాను.

"అద్దం మీద సెయ్యెట్టు మరి."

పెట్టాను. వేలు కాలింది. ఆ సాయంత్రానికే బొబ్బ లేచింది. చెయ్యి వెనక్కి లాక్కుంటూనే, "అద్దాన్ని కూడా లోపల్నుంచి వేడి చేశారు," అన్నాను.

వెనకాల వచ్చినవాళ్ళలో ఒకతను నా వేలు చూసి, "నూనె రాసుకో అమ్మా," అన్నాడు. జాలిపడ్డాడు. తిట్టినా బాగుండేది.

కిందికి వచ్చాక ముత్యాలప్ప నన్ను పక్కకి లాగింది. "నా తలనొప్పి గురించి సెప్పమన్నాను గానీ బయట సల్లబడిపోనాదని సెప్పమన్నానేటే? నిన్న వైద్యశాలకెళ్ళి తల దిమ్మంటే ఆ పిల్ల ఏటందో తెలుసా? దాలమ్మ గాలి సోకిందేటి అని నవ్వినాది. ఇంక నేను అక్కడికెళ్ళి నొప్పని సెప్పుకోలేను. నా నోరు కూడా నువ్వే మూసీసినావు."

"వాళ్ళు నవ్వితే నాదా తప్పు?" అన్నాను.

ఆమె నాకేసి చూసి, మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తరువాత తన తలనొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా.

205వ రోజు

అప్పటికి ఎనిమిది, తొమ్మిది కూడా గోడకి ఎక్కాయి. ఎనిమిదోది మండలి ఎన్నిక మీద, తొమ్మిదోది విత్తనాల గది మీద. వాటిలో గింజంత నిజం కూడా లేదు. నన్ను నమ్మేవాళ్ళు ఏడుగురు మిగిలారు. ఆ ఏడుగురికీ గుడ్డ కిందివైపు పొడి చూపిస్తే పట్టించుకోలేదు. వాళ్ళకి కావలసింది నీళ్ళ చెంబులు.

వాళ్ళలో ఎవరో తవిటయ్య మావ గుమ్మానికి ఎరువు పూశారు. ఎవరో నాకు తెలియదు. బల్లెక్కి ఆయన పేరు చెప్పింది మాత్రం నేను.

ఆయన తలుపు కడుక్కున్నాడు. 182 నుంచి వాడని మీటరు తుడిచి స్టోరులో అప్పజెప్పి విత్తనాల గదిలో పనికి వెళ్ళిపోయాడు. ఫిర్యాదు తేలేవరకు, అందులో పేరున్న మనిషి ఆ విషయంలో కొలత తియ్యకూడదన్నది నియమం. నేను వెనక్కి తీసుకుంటే తప్ప అది తేలదు. నేను తీసుకోలేదు. ఆయన చోటికి ఎవరినీ వెయ్యలేదు, ఎందుకంటే దాలమ్మ నోట్లో పడటానికి ఎవరూ ఒప్పుకోలేదు.

219వ రోజు

పొద్దున్న గంట కొట్టిన వెంటనే ఐదో వరుసలో కేకలు. నేను మెట్ల మీద ఉన్నాను, పరిగెత్తాను. ముత్యాలప్ప చాప మీద పక్కకి తిరిగి పడి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎంత పిలిచినా పలకలేదు. నలుగురు ఎత్తి మెట్ల మీదికి మోశారు. మూడో వరుస దాటాక దగ్గింది.

నేను ఆమె చాప దగ్గర నిలబడిపోయాను. ఫ్యాను తిరుగుతోంది. గాలి బాగానే ఉంది. అప్పుడు తట్టింది, యాభై రోజుల ముందు ఆమె నోటితోనే చెప్పిన మాట. గంటకి ముందు. గంట కొట్టిన కాసేపటికి దిగిపోతుంది. మావ కొలిచింది మధ్యాహ్నం. తల ఎత్తులో. ఆమె పడుకునేది నేల మీద.

ఆయన అబద్ధం చెప్పలేదు. మీటరూ అబద్ధం చెప్పలేదు. అడగాల్సింది నేను సరిగ్గా అడగలేదు.

220వ రోజు

రెండు దీపాలు తీసుకుని గంటకి ముందే ఐదో వరుసకి వెళ్ళాను. రెండిట్లోనూ ఒకే నూనె, ఒకే పొడుగు వత్తి. ఒకటి నేల మీద, ఒకటి తల ఎత్తు గూట్లో. ఫ్యాను ఆగింది. నాలుగో నిమిషంలో నేల మీద దీపం చిన్నదై ఆరిపోయింది. గూట్లోది వెలుగుతూనే ఉంది. ఆరినదాన్ని చేతిలోకి తీసుకుని ముట్టించి మళ్ళీ కిందికి దించాను. మోకాలి దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆరింది.

ఎరువు గుంతల గాలి బరువు. గుంతల వేడికి రెక్కతలుపు సందులోంచి పైకి తన్నుకొచ్చి, చల్లబడి, నీళ్ళలాగా నేల మీద పరుచుకుంటోంది. కడుపుతో ఉన్న ముత్యాలప్ప పదకొండు నిమిషాలకే పడిపోయింది. 231న గంటసేపు ఆపితే అది మోకాలి దగ్గర ఆగదు.

221వ రోజు

పొద్దున్న ఫ్యాను ఆగకముందే ఇంటింటికీ తిరిగి రమ్మన్నాను. నలభై ఒక్క కుటుంబాల్లోంచి ముగ్గురు వచ్చారు. గురువులన్న కూడా వచ్చాడు, చెల్లెలు ఆ వరుసలోనే ఉంటుంది కాబట్టి. వాళ్ళ ముందు దీపం ఆరింది.

గురువులన్న వంగి దీపం ఎత్తి చూశాడు. "నూనె తక్కువేసి తెచ్చినావేటి?"

"లేదన్నా. నిండా ఉంది చూడు."

"అయితే వత్తి తడిపినావు."

"నీ వత్తి తెచ్చి పెట్టన్నా."

"నా వత్తి తెస్తే నూనె మార్చీసినారంటావు, నూనె తెస్తే దీపం మార్చీసినారంటావు. నీతో ఆడలేను తల్లీ. నువ్వు అందరితో ఆడిన ఆటే గదా ఇది?"

వెళ్ళిపోయారు. మిగతా ముగ్గురూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ వరుసవాళ్ళని చాపలు ఎత్తి బల్లల మీద పడుకోమన్నాను. ఒక ముసలావిడ, "ముందు బయట సల్లబడిందన్నావు, అక్కడికే పోయి పడుకో," అంది. ఆమె మీద అరవబోయి, ఆగి, దీపాలు సర్దుకున్నాను.

విత్తనాల గదికి వెళ్ళి తవిటయ్య మావ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. క్షమించమని అడగలేదు. ఆ మాట ఇక్కడ రాయడం కూడా తేలికైపోతుంది. దీపం సంగతి చెప్పాను. ఆయన జొన్న గింజలు ఏరుతూనే విన్నాడు.

"నిన్ను నేను నమ్మను," అన్నాడు చివరికి. "దీపాన్ని నమ్ముతాను. రేప్పొద్దున్న వస్తాను."

222వ రోజు

ఆయన వచ్చి ముత్యాలప్ప చాప పక్కన గొంతుక్కూర్చున్నాడు. తన ఇంటి దీపం తెచ్చుకున్నాడు. అది ఆరేవరకు దాని మీంచి కన్ను తియ్యలేదు. ఆయనకి దగ్గు వచ్చింది, రెక్క పట్టుకుని లేవదీశాను.

"పంతొమ్మిదేళ్ళూ ఆ కొక్కేనికే తగిలించాను," అన్నాడు. "వొంగి ఒక్కసారైనా నేల మీద కొలిసేనా? లేదు. నాదీ ఉన్నాది తప్పు."

"మీరు వెళ్ళి మండలికి చెప్పండి మావా. మీ మాట వింటారు."

"నీ కాయితంలో నా పేరున్నాదే. నేను కొలవకూడదు, సెప్పకూడదు. అదీ గాక, నేనొక్కడినీ సెప్తే ఆ గుంటపిల్లా ఈ ముసలోడూ రాజీ పడిపోనారంటారు. ఇది పదిమంది ముందు, మీటరుతో కొలవాల. ముందు నువ్వు నీ కాయితాలు పీకు."

అదే రోజు వినికిడి. పదో కాగితం పట్టుకొచ్చాను. ఓటమి గడి ఈసారి నిండా రాశాను. అధ్యక్షులు చిన్నంనాయుడు గారు కాగితం ముట్టుకోకుండానే మడిచి పెట్టుకోమన్నారు.

"దాలమ్మా, ఓడిన మాటలు తొమ్మిది గోడ మీదున్నాయి. ఒక మనిషికి తొమ్మిదే హద్దు, అవి తియ్యకుండా పదోది వెయ్యకూడదు. ఈ నియమం నీ ఒక్కదానికోసం పెట్టింది కాదు."

"ఇప్పుడే తీసేస్తున్నాను. తొమ్మిదీ తీసేస్తున్నాను."

"తీసేసిన మాట పది రోజులు గోడ మీద ఉండాలి. నలుగురూ చదవాలి. ఆ తరవాతే కొత్తది. 232న రా."

"231న ఫ్యాను ఆపుతారండీ."

"ఏటా ఆపుతాం," అన్నారు. హాల్లో ఎవరో నవ్వారు. ఈసారి నాకు కోపం రాలేదు. భయం వేసింది.

227వ రోజు, మళ్ళీ

తొమ్మిది ఫిర్యాదులూ వెనక్కి తీసుకుంటూ 222వ రోజే గోడకి అంటించాను. ఇక్కడ మళ్ళీ చెప్తున్నాను, మీరు పక్కకి తిరగకుండా. మొదటి ఫిర్యాదు నేను రాసిన తీరులో ఓడిపోయింది, ఆ రోజే తియ్యాల్సింది. మీటరు ఎవరూ మార్చలేదు. తవిటయ్య మావ ఎవరి నీళ్ళూ తీసుకోలేదు. గురువులన్న ఎవరి మనిషీ కాదు. ఐదో వరుసకి కావాలని చెడ్డ గాలి ఎవరూ వదల్లేదు, తలనొప్పులు ఎవరూ దాచలేదు. బయట ఎండ ఎంత ఉందో నా వేలికి తెలుసు. ఎన్నిక గురించీ విత్తనాల గది గురించీ చెప్పింది నా కల్పన. కావాలని పుట్టించానని ఒప్పుకున్నందుకు శిక్షగా ఏడాదిపాటు వినికిడిలో నోరెత్తే హక్కు పోతుందని తెలుసు. పోనివ్వండి. ఈ ఊరికి అది మంచిదే.

ఇప్పుడు మీ సంగతి. నేను అబద్ధాలకోరునని మీరు నమ్మడం సరైనదే. కానీ గుడ్డకి కిందివైపు పొడి నేను అబద్ధాలకోరునని ఎగిరిపోదు. నా మాట ఒక్కటి కూడా నమ్మొద్దు. కొలవండి. అంతే. నాతో ఎంత విసిగిపోయినా వంగి నేల మీద ఒక మీటరు పెట్టడానికి పదకొండు నిమిషాలు చాలు. ఆ పదకొండు నిమిషాలు నియమం పేరుతో ఇవ్వకపోతే, అది నా తప్పు మాత్రమే కాదు.

నేను అడిగేది ఇది. 230వ రోజు పొద్దున్న, గంటకి ముందు ఫ్యాను ఆగే వేళకి, ఐదో వరుసలో నేలకి బెత్తెడు ఎత్తున మీటరు పెట్టి కొలవాలి. మీటరు తవిటయ్య మావ చేతిలో ఉండాలి, ఆయన మీద ఇప్పుడు ఫిర్యాదు లేదు. ఆ వరుసవాళ్ళు పదిమంది, వాళ్ళు ఎంచుకున్నవాళ్ళే, వాళ్ళ సొంత దీపాలు తెచ్చుకుని నిలబడాలి. నేను మూడో వరుస మెట్ల మీద ఉంటాను, కిందికి దిగను. ముల్లు మంచి గాలి దగ్గరే నిలబడి ఆ పదకొండు నిమిషాలూ దీపాలు వెలుగుతూ ఉంటే నేను తప్పు. అప్పుడు జల్లెడ పని వదిలేసి ఎరువు గుంతల్లో తట్టలు మోస్తాను, మళ్ళీ గాలి అన్న మాట ఎత్తను. దీపం ఆరితే 231న ఫ్యాను ఆపకూడదు. లేదా ఆపేముందు ఆ నలభై ఒక్క కుటుంబాలనీ భోజనశాలకి ఎక్కించి, ఆపిన గంటలోనే మనిషిని దించి రెక్కతలుపు బాగుచేయించాలి.

కొలవకుండానే ఫ్యాను ఆపి రెక్కలు మార్చాలనుకుంటే ముందు జల్లెడ గుడ్డ విప్పాలి. ఆ పని నాది. నేను విప్పను. వేరే ఎవరితోనైనా విప్పిస్తే, విప్పమని చెప్పినవాళ్ళ పేరు పని పుస్తకంలో ఆ తేదీ కింద రాయించండి.

జవాబు 229వ రోజు సాయంత్రం భోజనం గంట కొట్టేలోపు కావాలి. నోటి మాట వద్దు, కబురు వద్దు. కొలుస్తామో కొలవమో కాగితం మీద రాసి, మండలిలో ఐదుగురూ సంతకాలు పెట్టి, ఐదో వరుస మెట్ల దగ్గర అంటించండి.